తొడుగు చేతికి, తాళం నోటికి

శ్రీమతి ఇబిరోంకే అకిన్‌సెయె గారి పదవీ విరమణ సందర్భంగా

వెయ్యిన్నీ తొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం మార్చి నెల పదమూడవ తేదీ, సోమవారం, ఉదయం ఆరున్నర గంటలకు, ఇసెయిన్ పట్టణానికి చెందిన ఒక నేతగాని పెద్ద కుమార్తె, అప్పటికి ఇరవై ఒక్క సంవత్సరాల కుమారి ఇబిరోంకే గారు, తమ కొలత కంటె రెండంగుళాలు పెద్దదైన పసుపు చొక్కా ధరించి, ఇబాదాన్ నగరంలో ట్రాఫిక్ వార్డెన్‌గా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ఆ చొక్కా రంగును చూసి ఈ దేశంలోని డ్రైవర్లందరూ మన వృత్తికి ప్రేమతో పెట్టిన పేరు ‘పచ్చజ్వరం’ అన్న సంగతి ఈ సంచికను చదువుతున్న వారందరికీ విదితమే. మొదటి రోజు ఉదయమే ఒక బస్సు కండక్టరు ఆ పేరు పెట్టి పిలవగా, ఆమె ఏమాత్రం తొణకక, “జ్వరం వచ్చింది నీకు నాయనా, నాకు కాదు. అందుకే నువ్వు ఆగాలి, నేను ఆపాలి,” అన్నారట. కండక్టరు నవ్వాడు, బస్సు ఆగింది. ముప్పై ఐదు సంవత్సరాల మహోజ్జ్వల సేవకు అది నాంది.

తండ్రిగారి మగ్గం దగ్గర బాల్యం గడిపిన చేతులు కావడం వల్లనో ఏమో, ఒకె అగ్బెడె కూడలి నడుమ నిలబడి ఆమె చేసే హస్తసంజ్ఞలలో ఒక లయ, ఒక నిండుదనం ఉండేవి. కుడి చేయి ఆపుతూ ఉంటే ఎడమ చేయి పిలిచేది. రెండు చేతుల మధ్య నాలుగు రోడ్ల వాహనాలు ఒకదాన్నొకటి తాకకుండా జరిగిపోయేవి. బడిపిల్లలు ఆమెను అనుకరిస్తూ రోడ్డు దాటేవారు. 1991లో భూగోళశాస్త్ర ఉపాధ్యాయులైన శ్రీ అకిన్‌సెయె గారితో వివాహం జరిగింది. డారే, మొరెనికే అనే ఇద్దరు బిడ్డలు కలిగారు. ఇంతవరకు ఈ జీవితచరిత్ర ఏ అభినందన సంచికలోనైనా ఇమిడిపోయేదే.

అయితే శ్రీమతి ఇబిరోంకే గారిని కేవలం పొగిడి ఊరుకోవడం ఆమెకు అవమానం. పొగడ్త అంటే ఆమెకు ఒళ్ళు మంట. కాబట్టి ఈ వ్యాసకర్త, ఆమె అనుమతితోనే, మన వృత్తి మన మనుషులను ఏం చేస్తుందో, ఆమెను ఏం చేసిందో కూడా ఇక్కడ రాయదలచాడు. అనుమతి అడిగినప్పుడు ఆమె అన్న మాట ఇది: “రాయి బాబూ, అన్నీ రాయి. మంచిదాన్నని ఒక్క ముక్క రాసి, పిచ్చిదాన్నైన సంగతి దాచావో, ఆ పుస్తకాన్నే చింపి నీ చేతిలో పెడతా.”

ఉదయం ఆరింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా నడినెత్తిన ఎండ, ముక్కుపుటాలలో పొగ, చెవిలో హారన్లు, జనవరి వచ్చిందంటే ఎడారి నుంచి వీచే హర్మటాన్ ధూళి. ఇవి అందరికీ కనిపించే కష్టాలు. కనిపించనిది ఒకటుంది. కూడలిలో స్త్రీలకు మరుగుదొడ్డి లేదు. లేదు కనుక మన అక్కచెల్లెళ్ళు నీళ్ళు తాగేవారు కారు. పొద్దున్నే ఒక నీళ్ళ ప్యాకెట్టు కొని జేబులో వేసుకోవడం, ఎనిమిది గంటలు దాన్ని అలాగే మోయడం, ఇంటికి వెళ్ళి గడప దాటాక పళ్ళతో కొరికి గటగటా తాగడం. ఇదీ వారి దినచర్య. దీన్ని గురించి మాట్లాడడం సిగ్గుచేటని స్త్రీలు మాట్లాడలేదు. తెలుసుకోవలసిన అవసరం లేదని పురుషులు అడగలేదు. ఈ వ్యాసకర్త కూడా అడగలేదు.

1996లో ఒక బస్సు ఆమె ఎడమ పాదం మీదుగా వెళ్ళింది. రెండు వేళ్ళు విరిగాయి. ఆరు వారాలకు తిరిగి విధులలో చేరారు గానీ, చేరిన మనిషి వేరు. ఏ బండి బంపరు మోకాలి దగ్గరికి వచ్చినా ఆమె శరీరం ముందుగా ఉలిక్కిపడేది, ఆ తర్వాత నోరు లేచేది. టాక్సీల వైపర్లు విరిగాయి. డ్రైవర్ల టోపీలు ఎగిరి గుంటలో పడ్డాయి. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, ఎండ మీది కోపం టాక్సీవాడి మీద, టాక్సీవాడి మీది కోపం ఇంట్లో పిల్లల మీద. కొన్నేళ్ళకు ఒకనాడు డారే పళ్ళెం కడగలేదని ఆమె వేసిన కేకకు పక్కింటివారు గేటు దాకా వచ్చారు. భర్త అకిన్‌సెయె మాస్టారు ఆమెతో నెమ్మదిగా అన్నారట: “డారే తల్లీ, ఇది ఇల్లు. ఇక్కడ లారీలు లేవు.”

“ఏంటి? గట్టిగా చెప్పు!”

“గట్టిగా చెప్తే అది కూడా హారనే అవుతుంది.”

ఆమె ఎడమ చెవి అప్పటికే మందగించిందని మాస్టారికి తెలుసు, ఆమెకు తెలియదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు పెద్దలు. కానీ చెవి మంచిగా ఉంటేనే నోరు మంచిగా ఉంటుందని, గొంతు తడిగా ఉంటేనే మాట మెత్తగా ఉంటుందని వారు చెప్పలేదు, బహుశా వారెవరూ కూడలిలో నిలబడలేదు.

2003వ సంవత్సరం ఫిబ్రవరి పదకొండవ తేదీ, మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంటా పదిహేను నిమిషాలు. లమీది అనే టాక్సీ డ్రైవరు, ఆమె చేయి అడ్డుగా ఉన్నా లెక్కచేయక, హారను మోగిస్తూ అంగుళం అంగుళం ముందుకు జరిగాడు. బంపరు మోకాలికి తగిలింది. తగలడమే ఆలస్యం, ఆమె కిటికీలోంచి చేయి పెట్టి తాళం చెవి లాగి, మురికి కాలువలోకి విసిరేశారు. అప్పుడు వినబడింది వెనక సీటులోంచి ఒక ఆడమనిషి అరుపు. నొప్పులు పడుతూ పడుకుని ఉన్నది లమీది భార్య.

తర్వాత జరిగినదానికి ఆ కూడలిలోని వారందరూ సాక్షులే. శ్రీమతి ఇబిరోంకే గారు కాలువలోకి దూకి, మోకాళ్ళ లోతు బురదలో రెండు చేతులూ పెట్టి పదకొండు నిమిషాలు వెతికారు. తాళం చెవి దొరికింది. ఆ చేతులతోనే బళ్ళను ఆపుతూ, ఆస్పత్రి దాకా టాక్సీకి ముందు పరుగెత్తారు. ఆస్పత్రి మెట్ల మీద ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఆ మెట్ల దగ్గరే ఒంటినిండా బురదతో కూర్చుని ఆమె ఏడ్చిన ఏడుపు చూసినవారు ఇప్పటికీ చెబుతారు. క్షేమం కాకపోయి ఉంటే? ఈ ప్రశ్న ఆమెను ఇరవై ఒక్క సంవత్సరాలుగా వదలలేదు. వదలకూడదనే ఆమె కూడా అంటారు.

లమీది ఫిర్యాదు చేశాడు, న్యాయంగానే చేశాడు. సస్పెన్షను, దాని వెంట విచారణ. నేరం రుజువైతే డిస్మిస్. పధ్నాలుగు సంవత్సరాల సర్వీసు, రాబోయే పెన్షను, రెండూ పోతాయి. మార్చి నాలుగవ తేదీన అప్పటి సూపరింటెండెంటు శ్రీ ఒగుంటోలా గారి గదిలో ఆమె నిలబడ్డారు. మూల కుర్చీలో కూర్చుని వాంగ్మూలం రాసుకున్న గుమాస్తా ఈ వ్యాసకర్తే.

“ఎందుకు చేశావమ్మా ఈ పని?” అని అడిగారు సూపరింటెండెంటు గారు.

“దాహమేసింది సార్.”

గదిలో అందరూ నవ్వారు. సిగ్గుతో ఒప్పుకుంటున్నాను, గుమాస్తా కూడా నవ్వాడు.

“దాహమేస్తే నీళ్ళు తాగుతారు గానీ తాళాలు పీకుతారా?”

“తాగితే మళ్ళీ వెళ్ళాలి కద సార్. ఎక్కడికి వెళ్ళను? మీ మగాళ్ళకు ఊళ్ళో ప్రతి గోడా పనికొస్తుంది. మాకో?” అంటూ ఆమె జేబులోంచి ఒక నీళ్ళ ప్యాకెట్టు తీసి బల్ల మీద పెట్టారు. సస్పెన్షనులో ఉన్నా అలవాటు కొద్దీ జేబులో వేసుకుని వచ్చారు. “పొద్దున ఆరింటికి కొన్నది ఇది. ముట్టుకుని చూడండి, టీ కాచుకోవచ్చు. సార్, తప్పు నాదే. కాదనను. కారణం అడిగారు కాబట్టి చెబుతున్నా. ఆరింటికి నేను మంచిదాన్నే. పదింటికి కూడా ఫరవాలేదు. పన్నెండు దాటిందా, నాలోంచి ఇంకో ఆడది బయటికొస్తుంది. దానికి మాత్రం డ్యూటీ వెయ్యకండి.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. శ్రీ ఒగుంటోలా గారు ప్యాకెట్టును ముట్టుకుని చూశారు. గుమాస్తాను గడిచిన ఏడాది వార్డెన్ల మీద వచ్చిన ఫిర్యాదుల ఫైలు తెమ్మన్నారు. నలభై ఒక్క ఫిర్యాదులలో ముప్పై మూడు మిట్టమధ్యాహ్నం తర్వాతివే.

“ఏం చేద్దామంటావు?”

“నాకు ముప్పై రోజులివ్వండి సార్, నాకొక తోడునివ్వండి. నేను నీళ్ళు తాగి నిలబడతా. ముప్పై ఒకటో రోజు మీ బల్ల మీద నా పేరున ఒక్క కాగితం ఉన్నా, ఈ చొక్కా నేనే విప్పి ఇక్కడ పెడతా.”

“ఒక్క కాగితం అన్నావు. గుర్తుంచుకో.”

ఇప్పుడు మన నగరంలో ప్రతి కొత్త వార్డెనుకూ మొదటి రోజున నేర్పే ఆచారం అలా పుట్టింది. కూడలికి ఇద్దరు, ఇద్దరికీ కలిపి ఒకే జత తెల్లని చేతి తొడుగులు. తొడుగులు ఉన్నవారు కూడలి నడుమ, లేనివారు నీడలో. అరగంటకోసారి మార్పిడి. తొడుగు చేతికి ఉన్నంతసేపూ నోటికి తాళం. చేతులతో ఏమైనా చెప్పవచ్చు, నోటితో ఒక్క మాట అనరాదు. నీడలోకి వచ్చాక ముందు నీళ్ళు, ఆ తర్వాత మరుగుదొడ్డి, ఆ తర్వాత కోపం. కూడలి పక్కనే అమల సంకటి వండి అమ్మే, కూతురి పేరు మీదుగా అందరూ సికిరా తల్లి అని పిలిచే పెద్దామె తన పెరటి మరుగుదొడ్డి తాళం చెవిని ఇబిరోంకే గారికి అప్పగించి, ప్రతి అరగంటకూ గరిట తిప్పుతూ ఒకే ప్రశ్న వేసేది: “ఎవరి మీద ఇవాళ కోపం?” చెప్పాల్సిందే. చెప్పకపోతే రెండో ప్యాకెట్టు ఇచ్చేది కాదు. తోడుగా వచ్చిన శ్రీమతి రిసికాత్ గారు మొదట్లో మొహమాటపడినా, వారం తిరక్కముందే సికిరా తల్లి చెవులు మూసుకునే స్థాయికి ఎదిగారు.

ముప్పై రోజులూ దగ్గరుండి గమనించి, జరిగింది జరిగినట్టు రాయమని సూపరింటెండెంటు గారు గుమాస్తాను నియమించారు. గుమాస్తా సికిరా తల్లి బల్ల మీద కూర్చుని గమనించాడు. కర్తవ్యదీక్షలో నాలుగు కిలోల బరువు పెరిగాడు. ఇరవై ఎనిమిది రోజులు రాయవలసిందేమీ జరగలేదు.

ఇరవై తొమ్మిదవ రోజు, ఏప్రిల్ రెండు, బుధవారం. పన్నెండున్నరకు తొడుగులు శ్రీమతి ఇబిరోంకే గారి చేతికి వచ్చాయి. పది నిమిషాలకు కూడలి సరిగ్గా నడుమ ఒక టాక్సీ ఆగిపోయింది. ఇంజను చచ్చిపోయింది. దిగిన మనిషి లమీది. నాలుగు వైపులా హారన్లు హోరెత్తాయి. కక్ష తీర్చుకోవడానికే ఆపాడని చూసినవారందరూ అనుకున్నారు. ఆమె దవడ బిగుసుకోవడం గుమాస్తాకు బల్ల దగ్గర నుంచే కనబడింది.

“తిట్టు! ఊఁ, తిట్టు!” అని అరిచాడు లమీది. “కావాలని ఆపాననేగా నీ అనుమానం? తాళం కూడా ఇదిగో, తీసుకెళ్ళి మళ్ళీ విసిరెయ్!”

ఆమె చేతులు లేచాయి. ఒక చేయి మూడు రోడ్లను ఆపింది. రెండో చేయి ఇద్దరు కండక్టర్లను పిలిచింది. లమీదిని స్టీరింగు దగ్గర కూర్చోమని చూపించి, వెనక భాగానికి భుజం ఆనించి తానే తోశారు. బండి కదిలి సికిరా తల్లి పాక పక్కకు చేరింది.

“ఏం మాట్లాడవేం? నోరు పడిపోయిందా?”

ఆమె తొడుగులు ఉన్న రెండు చేతులనూ అతని ముఖం ముందు చూపించి, పెదవుల మీద వేలు పెట్టుకుని, గిరుక్కున తిరిగి కూడలి నడుమకు వెళ్ళిపోయారు. గుమాస్తా ఊపిరి పీల్చుకున్నాడు. తొందరపడ్డాడు.

ఒంటిగంటకు తొడుగులు రిసికాత్ గారికి ఇచ్చి ఆమె పాకలోకి వచ్చారు. నీళ్ళు తాగారు. పెరట్లోకి వెళ్ళి వచ్చారు. వెనక బల్ల మీద, వేలికి అంటిన సంకటితో, ఇంజను చల్లారడం కోసం లమీది కూర్చుని ఉన్నాడన్నది ఆమె చూసుకోలేదు. సికిరా తల్లి కన్నుగీటింది, గరిట చూపింది, దగ్గింది. ఎడమ చెవికి దగ్గు వినబడలేదు.

“ఎవరి మీదా? ఆ లమీదిగాడి మీద! వాడి ఇంజనుకు పక్షవాతం రాను! వాడి స్టీరింగు వాడి చేతికే ఊడి రాను! ఇబాదాన్‌లో ఇన్ని సందులుండగా సచ్చినోడికి నా కూడలే దొరికిందా? పెళ్ళాం మంచిది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ మొహానికి పిల్లనెవడిస్తాడు?”

ఇంకా ఉన్నాయి. అచ్చులో పెట్టదగినవి ఇంతే. మొత్తం పద్దెనిమిది. గుమాస్తా కలం కాగితం మీద ఆగిపోయింది. రాస్తే ఆమె ఉద్యోగం పోతుంది. రాయకపోతే జరిగింది జరిగినట్టు రాస్తానన్న తన మాట పోతుంది. అప్పుడు వెనక బల్ల మీది నుంచి గొంతు వినబడింది.

“అమ్మా, ఇంజన్ని ఎన్నన్నా అను. నా మొహం జోలికి మాత్రం రాకు.”

ఆమె వెనక్కి తిరిగి చూశారు. బల్ల మీద చతికిలబడి, చిన్న గొంతుతో అడిగారు: “పాప ఎలా ఉంది?”

“అచ్చం నీలాగే. ఏడుపు మొదలెట్టిందంటే నాలుగు రోడ్లకూ వినబడుద్ది.”

ముందుగా నవ్వింది సికిరా తల్లి. లమీది మాత్రం నవ్వకుండా చేయి కడుక్కుని వెళ్ళిపోయాడు.

ముప్పై ఒకటవ రోజున శ్రీ ఒగుంటోలా గారి బల్ల మీద ఒక కాగితం ఉంది. రాయాలా వద్దా అని గుమాస్తా ఇంకా తేల్చుకోలేదు, అది లమీది రాసింది. శ్రీమతి ఇబిరోంకే గారు దాన్ని చూడగానే చొక్కా పై గుండీ మీద చేయి వేశారు. ఆమె మాట తప్పే మనిషి కారు. “ఆగమ్మా, ముందు చదవనీ,” అని సూపరింటెండెంటు గారు పైకి చదివారు. ఆ కాగితం నేటికీ మన కార్యాలయం గోడ మీద అద్దంలో ఉంది:

“అయ్యా, ఏప్రిల్ రెండున ఈ వార్డెనమ్మ నన్ను పద్దెనిమిది తిట్లు తిట్టింది. నేను లెక్కపెట్టాను. అయితే రోడ్డు మీద ఒక్కటీ తిట్టలేదు, రోడ్డు మీద నా బండి తోసింది. తిట్లన్నీ సంకటి పాకలో, నీళ్ళు తాగాక, నేను లేననుకుని తిట్టింది. నేనూ ఇంటికెళ్ళాక ఆమెను అంతకంటే ఎక్కువే తిట్టుకున్నాను, కాబట్టి చెల్లుకు చెల్లు. పాత ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. ఈ నీళ్ళు తాగించే పద్ధతి అన్ని కూడళ్ళలోనూ పెట్టించండి. ముఖ్యంగా స్టేషను దగ్గరున్న పొడుగాయన కూడలిలో వెంటనే పెట్టించండి, ఆయన నిన్ననే నా వైపరు విరిచాడు.”

గుండీ మీది చేయి కిందికి దిగింది. శ్రీ ఒగుంటోలా గారు లేచి నిలబడ్డారు. ఒక సూపరింటెండెంటు ఒక వార్డెను కోసం లేచి నిలబడడం ఈ గుమాస్తా అదే మొదటిసారి చూడడం. ఆ ఏడాది చివరికి నాలుగు కూడళ్ళలో, 2008 నాటికి పన్నెండు కూడళ్ళలో, ఇద్దరిద్దరు వార్డెన్లు, ఒక నీడ, ఒక నీళ్ళ కుండ, స్త్రీలకు గడియ ఉన్న తలుపుతో ఒక మరుగుదొడ్డి వెలిశాయి. నలభై ఒక్క ఫిర్యాదులు తొమ్మిదికి దిగాయి. వార్డెన్లను ‘దురుసు మనుషులు’ అని తేల్చిపారేసే నోళ్ళు మూతపడ్డాయి. దురుసుతనం మనిషిది కాదు, ఆ మధ్యాహ్నానిది అని ఆమె ఒక నీళ్ళ ప్యాకెట్టుతో రుజువు చేశారు. 2009 నుంచి శిక్షణాలయంలో బోధిస్తూ కూడా, వారానికి మూడు రోజులు ఒకె అగ్బెడె కూడలిని ఆమె వదలలేదు.

ముప్పై ఐదేళ్ళ వృత్తి ఒంట్లోంచి అంత తేలికగా పోదనడానికి ఒక్క ముచ్చట చెప్పి తీరాలి. 2016లో చిరంజీవి మొరెనికే నిశ్చితార్థం నాడు, వరుని బృందం డప్పులతో నాట్యం చేస్తూ గుమ్మంలోకి వస్తుండగా, ఎడమ పక్క నుంచి వంటవాళ్ళు అన్నపు గిన్నెలతో అడ్డంగా వచ్చారు. వధువు తల్లిగారి కుడి చేయి తనంతట తానే లేచింది. వరుడు, అతని పదకొండుమంది మిత్రులు, డప్పులవాళ్ళు, ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. గిన్నెలు వెళ్ళిపోయాయి. ఆ చేయి పైకే ఉండడం చూసి, ఇది వధువు ఇంటి ఆచారం కాబోలనుకుని, మన పద్ధతిలో అత్తవారికి అప్పటికే వాకిట్లో సాష్టాంగపడి వచ్చిన వరుడు మిత్రులతో సహా మరోసారి నేల మీద సాష్టాంగపడ్డాడు. “వాళ్ళను లేపవే తల్లీ, రోడ్డు ఖాళీ అయింది!” అని మాస్టారు చెవిలో చెబితే గానీ ఆమె ఎడమ చేయి ‘పదండి’ అనలేదు. ఆ అల్లుడు ఈనాటికీ అత్తగారింటికి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర ఆగి, చేయి చూసి మరీ లోపలికి వస్తాడు.

నిన్న, మార్చి పన్నెండవ తేదీ, ఆమె చివరి విధి నిర్వహణ దినం. రెండు గంటలకు తొడుగులు తీసి, మడిచి, రిసికాత్ గారి చేతిలో పెట్టారు. సంకటి పాకను ఇప్పుడు నడుపుతున్నది కుమార్తె సికిరా. తల్లి మూల మంచం మీద కూర్చుని ఉంది. లమీది కూడా వచ్చి ఉన్నాడు, తలంతా నెరిసింది. పక్కన ఆస్పత్రి మెట్ల మీద పుట్టిన ఇరవై ఒక్క ఏళ్ళ కూతురు. శ్రీమతి ఇబిరోంకే గారు బల్ల మీద కూర్చుని ఒక ప్యాకెట్టు నీళ్ళు నిదానంగా తాగారు. మంచం మీది నుంచి ముసలి గొంతు, అలవాటు ప్రకారం, అడిగింది: “ఎవరి మీద ఇవాళ కోపం?”

ఆమె జవాబు చెప్పబోయి ఆగారు. రోడ్డు వైపు చూశారు. లమీదిని చూశారు, అతని కూతురిని చూశారు. వెతికినా దొరకనట్టు రెండు ఖాళీ చేతులూ ఒళ్ళో పెట్టుకున్నారు.

“ఎవరి మీదా లేదే, సికిరా తల్లీ,” అన్నారు. “ఒక్కరి మీద కూడా లేదు.” అని, భోరున ఏడ్చారు. ముసలామె రెండో ప్యాకెట్టు ఇచ్చింది.

శ్రీమతి ఇబిరోంకే అకిన్‌సెయె గారూ, తమరికి ఆరోగ్యం నిండుగా, ఆయుష్షు నూరేళ్ళకు పైగా ఉండాలని, మాస్టారి మెల్లని మాటలు తమ కుడి చెవికి చిరకాలం వినబడుతూ ఉండాలని, దాహం వేసినప్పుడల్లా, వేసిన క్షణానే, ఎవరినీ అడగకుండా, ఏ తలుపు ఎక్కడుందో ఆలోచించకుండా, కడుపారా నీళ్ళు తాగే భాగ్యం తమకు కలగాలని, తమ వల్ల ఆ భాగ్యానికి ఇప్పటికే నోచుకున్న మేమందరం మనసారా కోరుకుంటున్నాము.

ఆనాడు తమ మాటకు నవ్విన గుమాస్తా